ఎంఏ ఇంగ్లీష్ థియరీ పేపర్: కథలు రాసేవాళ్లకు ఇది దేనికైనా పనికొస్తుందా?

పరకాల_పిల్ల
ఎంఏ ఇంగ్లీష్ మొదటి సంవత్సరం, హనుమకొండలో ఒక ప్రైవేటు పీజీ కాలేజీ. పేరు చెప్పను, మా క్లాసువాళ్లు కూడా ఇక్కడ తిరుగుతుంటారు. డిగ్రీ నుంచి కథలు రాస్తున్నాను. ప్రపంచ సాహిత్యం చదవొచ్చు, రాయడం కూడా కాస్త నేర్పిస్తారు అనుకుని, ఇంట్లో బీఈడీ చెయ్యమంటే గొడవపడి మరీ ఇందులో చేరాను. ఇక్కడేమో థియరీ (సాహిత్యాన్ని ఎలా చదవాలో చెప్పే సిద్ధాంతాలు) క్లాసులో మేడమ్ నోట్స్ చెప్తారు, మేం రాసుకుంటాం. ఫ్రెంచి తత్వవేత్త డెరిడా అంటే ఐదు పాయింట్లు, భాషాశాస్త్రవేత్త సస్యూర్ అంటే నాలుగు పాయింట్లు, పరీక్షకు ఇవి చాలు అంటారు. వరల్డ్ లిటరేచర్ పేపర్‌లో ఒక నవల ఉంది, సెమిస్టర్ అయిపోవచ్చింది, ఇంతవరకు ఆ పుస్తకం అట్ట ఎలా ఉంటుందో క్లాసులో ఎవరమూ చూడలేదు. సీనియర్లను అడిగితే జిరాక్స్ సెంటర్‌లో గైడ్ దొరుకుతుంది, అది చదువుకో అంటున్నారు.
అడగాలనుకున్నవి రెండు. కథలు రాసుకునేవాళ్లకు ఈ థియరీ నిజంగా ఉపయోగపడుతుందా, లేక రాయడంలో ఉన్న కాస్త నేర్పు కూడా పోతుందా? ఇది మానేసి వచ్చే ఏడాది హైదరాబాద్‌లో ఇంకేదైనా చూసుకోవాలా? ఇంట్లో చెప్పే ధైర్యం లేదు, ఒకటే టెన్షన్.

కాజీపేట_జంక్షన్
అట్ట కోసం గూగుల్‌లో కొట్టు, బొమ్మ వస్తుంది. సిలబస్ కంప్లీట్.

నెట్_నిశాచరుడు
మానేయకు. పీజీ పట్టా లేకపోతే నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) లేదు, జేఎల్ (జూనియర్ లెక్చరర్) లేదు, డీఎల్ (డిగ్రీ లెక్చరర్) లేదు. నెట్ పేపర్ 2లో 100 ప్రశ్నలు, అందులో థియరీ వాటా తక్కువేం కాదు. మీ మేడమ్ చెప్పే పాయింట్లు అక్కడ పనికిరావు, ఏ పుస్తకం ముందొచ్చింది, ఏది తర్వాతొచ్చింది వరసలో పెట్టమంటారు. సస్యూర్ 1916, బార్త్ ‘రచయిత మరణం’ 1967, డెరిడా ‘గ్రామటాలజీ’ కూడా 1967, దాన్ని స్పివాక్ ఇంగ్లీషులోకి తెచ్చింది 1976, సయీద్ ఓరియంటలిజం 1978. ఇవి గోడ మీద రాసి పెట్టుకో. నెట్‌లో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, ఇంట్లో నోరు మూతపడుద్ది. కథలు తర్వాత రాసుకోవచ్చు.

కోరుట్ల_కాకి
పైన నిశాచరుడు రాసింది చూశాక నా అభిప్రాయం ఇంకా గట్టిపడింది. సంవత్సరాలు వరసలో పెట్టడం సాహిత్యమా? నేను ఎంఏ చెయ్యలేదు, బ్యాంకులో క్లర్కుని, కథలు పత్రికల్లో వస్తున్నాయి. నాకు తెలిసిన థియరీ చదివిన కథకులంతా కథ రాయడం మానేసి కథ ఎలా రాయాలో చెప్తూ తిరుగుతున్నారు. చెల్లె, ఆ పేపర్‌కి గైడే చదువు, పాసవ్వు, మిగిలిన టైంలో రాసుకో.

గోదావరిఖని_గోపి
కాకన్నా, జీతం తీసుకుని సాహిత్యం చేసేవాళ్లే థియరీ వద్దంటారు, గమనించారా 😄

సుబేదారి_సార్
కాకి గారితో ఒక సగం ఒప్పుకుంటాను. గైడ్ చదివి పాసవ్వమనే సగం మాత్రం కాదు. చాలా ఏళ్లు డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి, థియరీని పాయింట్లుగా చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. పేపర్ దిద్దుతుంటే ముప్పైమంది ఒకే వాక్యం రాసి ఉంటారు, ఒకే స్పెల్లింగ్ తప్పుతో సహా.
కానీ ఆ పాయింట్ల వెనక ఉన్న వ్యాసాలు వేరు. ఉదాహరణకు రష్యన్ విమర్శకుడు ష్క్లోవ్‌స్కీ. 1917 నాటి వ్యాసం. ఆయన అడిగింది చాలా చిన్న ప్రశ్న. రోజూ చూసే వస్తువును మనం చూడటం మానేస్తాం కదా, మరి సాహిత్యం దాన్ని మళ్లీ ఎలా చూపిస్తుంది? దానికి ఆయన తీసుకున్న ఉదాహరణల్లో ఒకటి టాల్‌స్టాయ్ రాసిన గుర్రం కథ. కథ చెప్పేది ఒక ముసలి గుర్రం. మనుషులు ‘నాది’ అంటారు, నా భూమి, నా గుర్రం అంటారు, ఆ భూమి మీద ఒక్కసారి కూడా నడవనివాడు కూడా నాది అంటాడు, ఇదేంటో నాకు అర్థం కాలేదు అంటుంది ఆ గుర్రం. ఆస్తి గురించి ఉపన్యాసం ఏమీ లేదు. చెప్పేవాడు మారేసరికి మనం రోజూ వాడే మాటే వింతగా వినిపిస్తుంది. కథ రాసే పిల్లకు ఇది పనికిరాదంటారా? దీన్ని ‘అపరిచితీకరణ, మూడు లక్షణాలు’ అని నోట్స్ చెప్తే మాత్రం ఎవరికీ పనికిరాదు, నిజమే.

కోరుట్ల_కాకి
సార్, టాల్‌స్టాయ్ ఆ కథ రాసేటప్పటికి ష్క్లోవ్‌స్కీ పుట్టనైనా పుట్టలేదు. అంటే రాసేవాడికి అవసరం లేదనేగా. రాశాక వచ్చి పేరు పెట్టారు, అంతే.

సుబేదారి_సార్
పేరు పెడితే తర్వాత వచ్చేవాళ్లు చూడగలుగుతారు. మీరు టాల్‌స్టాయ్ అయితే అక్కర్లేదు.

గోదావరిఖని_గోపి
అరె, దెబ్బ పడ్డది 🔥

లైబ్రరీ_పురుగు
సస్యూర్ 1916 అని నిశాచరుడు రాశాడు కదా, దానికో ముచ్చట ఉంది. ఆయన 1913లోనే చనిపోయాడు. ఆ పుస్తకం ఆయన రాయలేదు, క్లాసులో పిల్లలు రాసుకున్న నోట్స్ అన్నీ పోగేసి ఇద్దరు సహోద్యోగులు అచ్చు వేయించారు. కాబట్టి పరకాల_పిల్లా, మీ మేడమ్ నోట్స్ పారెయ్యకు.

కాజీపేట_జంక్షన్
అందులో నాలుగు పాయింట్లే ఉన్నాయి, పుస్తకం కాదు కదా కరపత్రం కూడా కాదు.

అనుస్వారం
నేను హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కంపారెటివ్ లిటరేచర్ (వేర్వేరు భాషల సాహిత్యాలను పోల్చి చదవడం) చదివాను, మాది జమ్మికుంట. రెండో ప్రశ్నకు ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు కాబట్టి చెప్తున్నా.
అక్కడ సీటు సీయూఈటీ పీజీ అనే జాతీయ ఎంట్రన్స్ ద్వారా, ఇక్కడి స్టేట్ యూనివర్సిటీల ఎంట్రన్స్ సీపీగెట్‌తో సంబంధం లేదు, నోటిఫికేషన్ కూడా ముందే పడుతుంది, అది మిస్సయితే ఏడాది పోయినట్టే. ఫీజు, హాస్టల్ ప్రైవేటు కాలేజీతో పోలిస్తే నయం. క్లాసులో నోట్స్ చెప్పరు, ముందు వారం చదవాల్సిన వ్యాసం ఇస్తారు, చదవకుండా వెళ్తే రెండు గంటలు తల దించుకుని కూర్చోవాలి. మొదటి సెమిస్టర్ నాకు నరకం, మాకు ఇంటర్ దాకా తెలుగు మీడియం. అది కూడా తెలుసుకుని రా. రాయడం నేర్పిస్తారనుకుంటే అక్కడా అంత ఉండదు, అది చదవడం నేర్పే కోర్సు.
ఇంకో సంగతి, వరల్డ్ లిటరేచర్ అంటే గ్రీకు నాటకం ఒకటి, రష్యన్ నవల ఒకటి, ఫ్రెంచి కవి ఒకడు అని మీ సిలబస్‌లో ఉంటుంది, పందెం కాస్తా. జర్మన్ కవి గ్యోతే 1827లో ఆ మాట అన్నది ఒక చైనా నవల చదువుతూ. జాతీయ సాహిత్యం రోజులు అయిపోయాయి, ప్రపంచ సాహిత్యం కాలం వస్తోంది అన్నాడు. టాగోర్ 1907లో కలకత్తాలో విశ్వసాహిత్యం మీద ఉపన్యాసం ఇచ్చాడు. కలకత్తా జాదవ్‌పూర్ యూనివర్సిటీలో 1956లోనే బెంగాలీ కవి బుద్ధదేవ బోస్ కంపారెటివ్ లిటరేచర్ డిపార్ట్‌మెంట్ పెట్టాడు. మన దగ్గర ఇంత జరిగాక కూడా సిలబస్ మాత్రం యూరప్ టూరే.

లైబ్రరీ_పురుగు
అనుస్వారం అక్క చెప్పినదానికి తోడు, కెన్యా రచయిత గూగీ సంగతి కూడా. 1968లో నైరోబీ యూనివర్సిటీలో గూగీ, ఇంకో ఇద్దరు లెక్చరర్లు కలిసి ఇంగ్లీష్ డిపార్ట్‌మెంటునే రద్దు చెయ్యండి, మధ్యలో ఆఫ్రికా సాహిత్యం పెట్టి చుట్టూ మిగతావి చదువుదాం అని రాసిచ్చారు. తర్వాత ఆయన ఇంగ్లీషులో నవలలు రాయడమే మానేసి తన మాతృభాష గికుయులోకి మారాడు. జైల్లో టాయిలెట్ పేపర్ మీద రాసిన ఆ నవలను తెలుగులోకి తెచ్చింది మన వరంగల్ వరవరరావు, అదీ జైల్లో ఉండే. ‘మట్టికాళ్ల మహారాక్షసి’. ఇంగ్లీష్ ఎంఏ పిల్లలు గూగీ మీద ఇంగ్లీషులో పదిహేను మార్కుల ఆన్సర్ రాస్తారు గానీ ఈ పుస్తకం ఉందనే తెలియదు.

నెట్_నిశాచరుడు
గూగీ ‘డీకాలనైజింగ్ ది మైండ్’ 1986. రాసుకోండి.

గోదావరిఖని_గోపి
నిశాచరుడా నువ్వు నిద్రపో.

కోరుట్ల_కాకి
పురుగు చెప్పింది బాగుంది. హెచ్‌బీటీ (హైదరాబాద్ బుక్ ట్రస్ట్) వాళ్ల ఏడుతరాలు, అదే అలెక్స్ హేలీ ‘రూట్స్’ తెలుగులో, నేను తొమ్మిదో తరగతిలో చదివాను, మా ఊరి లైబ్రరీలో ఒకటే కాపీ, పేజీలు ఊడిపోయి దారంతో కుట్టి ఉండేది. విశాలాంధ్ర వ్యాన్‌లో మాస్కో రాదుగ ప్రచురణల పుస్తకాలు వచ్చేవి, గోర్కీ, చెహోవ్ అన్నీ తెలుగులోనే, చవగ్గా. మా తరానికి ప్రపంచ సాహిత్యం అంటే అదే, దానికి ఎంట్రన్స్ లేదు, సెమిస్టర్ లేదు. ఇప్పుడు యూనివర్సిటీల్లో ఎందుకు చచ్చింది మరి?

అనుస్వారం
చచ్చిందని ఎవరన్నారు? రాదుగ వేసినవే మీరు చదివారు, వెయ్యనివి చదవలేదు. అప్పుడు మాస్కోలో ఎంచేవాళ్లు, ఇప్పుడు సిలబస్ కమిటీ ఎంచుతోంది. ఎవరు ఎంచారు, ఎందుకు ఎంచారు అని అడగడమే థియరీ కాకా, మీకు తెలియకుండానే చేస్తున్నారు.

కోరుట్ల_కాకి
సరే, ఈ రౌండ్ నీది.

శాయంపేట_శారద
ఇంత దూరం ఎందుకు, ఎంఏ తెలుగు చెయ్యకూడదా? భరతుడి రససూత్రం, ఆనందవర్ధనుడి ధ్వని, అన్నీ ఉన్నాయి. ఎలియట్ 1919లో హామ్లెట్ మీద రాస్తూ భావాన్ని నేరుగా చెప్పకూడదు, దాన్ని పుట్టించే వస్తువులూ సంఘటనలూ పేర్చాలి అంటే ఆహా ఓహో అన్నారు. మనవాళ్లు దాన్నే విభావం, అంటే భావాన్ని పుట్టించే కారణం, అని ఎప్పుడో చెప్పిపెట్టారు. నేను ఎంఏ తెలుగే, గురుకులంలో చేస్తున్నా, బతుకు బాగానే ఉంది.

సుబేదారి_సార్
శారద గారూ, పోలిక సరే. కాకపోతే ‘మనవాళ్లు ఎప్పుడో చెప్పారు’ దగ్గర ఆగిపోతే ఇద్దరినీ చదవనట్టే. రసం ప్రేక్షకుడిలో ఎలా నిష్పన్నమవుతుందని భరతుడికి వ్యాఖ్యానం రాసిన అభినవగుప్తుడు బుర్ర బద్దలు కొట్టుకున్నాడు, ఎలియట్‌కు ఆ బాధే లేదు, ఆయన గొడవ అంతా హామ్లెట్ నాటకం ఎందుకు కుదరలేదన్నది.

శాయంపేట_శారద
ఒప్పుకుంటా. కానీ ఎంఏ ఇంగ్లీష్‌లో అభినవగుప్తుణ్ణి ఒక పేజీలో లాగిస్తారు, అది మాత్రం అన్యాయం.

లైబ్రరీ_పురుగు
స్ట్రీమ్ ఆఫ్ కాన్షస్‌నెస్‌కు (పాత్ర బుర్రలో తిరిగే ఆలోచనలను అలాగే రాయడం) కూడా డబ్లిన్ దాకా పోనక్కర్లేదు. ఐరిష్ రచయిత జాయిస్ నవల యులిసిస్ డబ్లిన్‌లో ఒక్క రోజు కథ అని నెట్‌కు బట్టీ పడతారు కదా, మన జిల్లావాడే అయిన నవీన్ నవల అంపశయ్య కూడా ఒక్క రోజే, 1969లో వచ్చింది, ఉస్మానియా హాస్టల్లో ఒక కుర్రాడి బుర్రలో తిరిగేదంతా. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే పేపర్ ప్రెజెంటేషన్ కూడా అయిపోతుంది. హనుమకొండ రాజరాజ నరేంద్ర భాషానిలయం వైపు వెళ్లావా ఎప్పుడైనా? 1904లో పెట్టిన లైబ్రరీ, పాత పుస్తకాలు కావాలంటే ముందు అక్కడ అడుగు.

పరకాల_పిల్ల
ఇంతమంది రాస్తారనుకోలేదు. గుర్రం కథ రాత్రే వెతికి చదివాను, సార్. కాకన్న, సార్ ఇద్దరూ కరెక్టే అనిపిస్తోంది, అదే నా సమస్య. ఒక పని చేస్తాను, నేను రాస్తున్న కథ మొదటి పేరా పెడుతున్నా. థియరీ ఎలా పనికొస్తుందో దీని మీద చూపించండి, రాకపోతే రాదని ఒప్పుకోండి.
“రాజవ్వ చాటలో తునికాకు వేసుకుని కూర్చున్నది. పొద్దున్నుంచి ఆమె వేళ్లు ఆగలేదు. పాపం, పేదరికం ఆమెను ఒక యంత్రంగా మార్చేసింది. కొడుకు చదువు కోసం ఆమె తన జీవితాన్ని ధారపోస్తున్నది. సాయంత్రం టేకేదారు కట్టల్లోంచి కొన్ని బీడీలు బాగా లేవని పక్కకు తీసేస్తాడని ఆమెకు తెలుసు.”

కాజీపేట_జంక్షన్
ఇప్పుడు అసలు సినిమా.

అనుస్వారం
ముందే ఒక రూలు. అమెరికాలో అయోవా యూనివర్సిటీలో 1936 నుంచి రైటర్స్ వర్క్‌షాప్ నడుస్తోంది, క్రియేటివ్ రైటింగ్‌ను పీజీ కోర్సుగా చెయ్యడంలో అదే అందరికీ నమూనా అయింది. ఇంగ్లండ్‌లో ఈస్ట్ ఆంగ్లియాలో 1970లో మొదలైంది. ఈ వర్క్‌షాపుల్లో పాత అలవాటు ఒకటుంది, కథ గురించి మాట్లాడుతున్నంతసేపు రాసినవాళ్లు నోరెత్తకూడదు. కాబట్టి పరకాల_పిల్లా, మేం అయ్యేదాకా జవాబు పెట్టకు.

పరకాల_పిల్ల
సరే అక్కా.

గోదావరిఖని_గోపి
రూలు అప్పుడే తప్పింది 😂

సుబేదారి_సార్
మొదలుపెడతాను. ఫ్రెంచి విమర్శకుడు జెనెట్ 1972లో ఒక తేడా చెప్పాడు, కథ చెప్తున్నది ఎవరు అన్నది వేరు, చూస్తున్నది ఎవరు అన్నది వేరు అని. నీ పేరా అంతా ఒకరే చెప్తున్నారు. కానీ చూసేవాళ్లు మారిపోయారు. మొదటి రెండు వాక్యాలు ఎవరో గుమ్మంలో నిలబడి రాజవ్వను చూస్తున్నట్టు ఉన్నాయి. మూడో వాక్యంలో ‘పాపం’ ఎవరిది? రాజవ్వ తనను తాను పాపం అనుకోదు. అది కాలేజీకి వెళ్లే అమ్మాయి పాపం. నాలుగోది సంతాపసభలో వినిపించే మాట. ఐదోది మళ్లీ రాజవ్వ బుర్రలోకి వెళ్లింది, పేరా మొత్తంలో ప్రాణం ఉన్న వాక్యం అదే, దాన్ని కూడా ‘ఆమెకు తెలుసు’ అని చల్లార్చేశావు. మూడూ నాలుగూ కొట్టేసి ఐదో వాక్యంలోంచి మొదలుపెట్టి చూడు.

అనుస్వారం
సార్ చెప్పిందే, ఇంకో వైపు నుంచి. స్పివాక్ 1988లో అడిగిన ప్రశ్న ఉంది కదా, అట్టడుగున ఉన్నవాళ్లు మాట్లాడగలరా అని, దానికి మీ నోట్స్‌లో ఎన్ని పాయింట్లో తెలియదు గానీ, నీ మూడో వాక్యం దానికి ఉదాహరణ. రాజవ్వ మాట్లాడాల్సిన చోట నువ్వు మాట్లాడేశావు, అదీ ఆమె మీద ప్రేమతోనే. స్పివాక్ చూపించేది ఇలాంటి చోట్లనే, ప్రేమతో అయినా ఒకరి తరఫున మాట్లాడితే వాళ్ల మాట వినపడకుండా పోతుంది.

కోరుట్ల_కాకి
మా అమ్మ బీడీలు చేసింది, కాబట్టి ఇక్కడ నేను మాట్లాడతా. పేరాలో అసలు తప్పు మీరిద్దరూ పట్టుకోలేదు. ‘పొద్దున్నుంచి వేళ్లు ఆగలేదు’ అనేది చూడనివాళ్లు రాసే మాట. ముందు ఆకు తడపాలి, గుడ్డలో చుట్టి మెత్తబడనివ్వాలి, తర్వాత రేకు కొలత పెట్టి కత్తెరతో ఒక్కొక్కటి కత్తిరించాలి, కత్తిరించేటప్పుడు బొటనవేలి దగ్గర కాయ కాస్తుంది, ఆ తర్వాతే చుట్టుడు, దారం కట్టుడు, మూతి మడుచుడు. మధ్యలో లేచి పొయ్యి చూసుకుంటది, పక్కింటామెతో కొట్లాడతది, నవ్వుతది. యంత్రం ఎక్కడిది? ఇంకోటి, టేకేదారు తీసేసిన బీడీలు పారబొయ్యడు. వాటికి మా అమ్మకు పైసలియ్యడు, కానీ తీసుకుపోతడు. నీ కథ అక్కడున్నది.

సుబేదారి_సార్
ఇది మేం చెప్పలేం. ఒప్పుకుంటున్నా.

కోరుట్ల_కాకి
మీరు ‘పాపం ఎవరిది’ అని అడక్కపోతే నాకూ ఇదంతా గుర్తొచ్చేది కాదు లెండి. అంతమాత్రాన థియరీకి మారిపోయాననుకోకండి.

శాయంపేట_శారద
మా స్కూల్లో బీడీలు చేసే తల్లుల పిల్లలే సగంమంది. సెలవుల్లో ఆకు కత్తిరించేది వాళ్లే. కొడుకు చదువు అని రాసింది కదా, కూతురు ఏమైంది?

లైబ్రరీ_పురుగు
శారదమ్మ ఒక్క ప్రశ్నతో ఫెమినిస్ట్ క్రిటిసిజం యూనిట్ మొత్తం లాగించేశారు.

పరకాల_పిల్ల
ఇప్పుడు మాట్లాడొచ్చా? మళ్లీ రాశాను. అరగంట నుంచి కొడుతూ చెరుపుతూ ఉన్నా.
“మూతి సరిగ్గ మడవకుంటే పక్కకు ఏరేస్తడు. ఏరేసినయి వాడేమన్న పారబోస్తడా? సంచిలనే ఏసుకపోతడు. నిన్న కట్టకు మూడు తీసిండు. రాజవ్వ కత్తెర పక్కన పెట్టి వేలు చూసుకున్నది. లత ఇంకా బడి నుంచి రాలేదు, వస్తే ఈ ఆకంతా కత్తిరించి పెట్టు అనాలె, పిల్ల మొఖం మాడుస్తది.”

అనుస్వారం
ఇది వేరే కథ. ‘పక్కకు ఏరేస్తడు’ అన్నది ఎవరో అడగాల్సిన పని లేదు. ఒక్కటే, ‘వేలు చూసుకున్నది’ తర్వాత వెంటనే లతలోకి దూకావు, అక్కడ ఒక్క క్షణం ఆగు.

కోరుట్ల_కాకి
‘సంచిలనే ఏసుకపోతడు’ 👌 పూర్తయ్యాక ఏదైనా పత్రికకు పంపు, ఇక్కడ మొత్తం పెట్టకు, అచ్చయినదిగా లెక్కేస్తారు కొందరు.

నెట్_నిశాచరుడు
కథ బాగుంది. కానీ కాలేజీ సంగతి తేలలేదు కదా. నా లెక్క ఇది. ఈ ఏడాది మానెయ్యకుండా చదువుతూనే సీయూఈటీ రాయి. సీటొస్తే అప్పుడు ఇంట్లో కూర్చోబెట్టి చెప్పు, రాకపోతే ఇక్కడే పూర్తిచేసి నెట్. చేతిలో ఉన్నది వదిలేసి ఏడాది ఖాళీగా కూర్చుంటే ముందు సంబంధాలు మొదలెడతారు.

శాయంపేట_శారద
నిశాచరుడు మొదటిసారి మనిషిలా మాట్లాడాడు. నిజం, ఖాళీగా ఉంటే అదే జరుగుతుంది.

అనుస్వారం
నాదీ అదే మాట. ఇంకో విషయం, సార్ చెప్పినట్టు వ్యాసం నేరుగా చదువు, సెమిస్టర్‌కు ఒకటి చాలు. స్పివాక్‌తో మొదలుపెట్టకు, రెండో పేజీలోనే ఏడుస్తావు. ష్క్లోవ్‌స్కీ, తర్వాత బార్త్ చిన్న వ్యాసం, అది ఆరేడు పేజీలే. డెరిడాను నీకోసం ఎవరైనా పక్కన కూర్చుని చదివేవాళ్లు దొరికే వరకు వాయిదా వెయ్యి.

పరకాల_పిల్ల
ఇంటర్నల్ అసైన్‌మెంట్ సోమవారం ఇవ్వాలి, టాపిక్ మాకే వదిలేశారు. జెనెట్ మీద రాద్దామనుకుంటున్నా, ఒక బీడీ కథ పేరాతో. మేడమ్ ఒప్పుకుంటారంటారా? పాయింట్లు కావాలంటే?

సుబేదారి_సార్
పాయింట్లు కూడా వెయ్యమ్మా, తప్పేముంది. పైన ఐదు పాయింట్లు, కింద నీ పేరా, పాతదీ కొత్తదీ రెండూ. దిద్దేవాళ్లకు కూడా ఒక్క పేపరైనా వేరేగా కనిపిస్తే నిద్ర మత్తు వదులుతుంది, అనుభవంతో చెప్తున్నా.

గోదావరిఖని_గోపి
సార్, ఆ ముప్పైమందిలో నేనూ ఉన్నానేమో, సుబేదారిలోనే చదివా. స్పెల్లింగ్ తప్పు మాత్రం నాది కాదు, ముందు బెంచీ వాడిది.